పాత కార్లలో అప్పుడప్పుడు తలెత్తే స్టార్టింగు సమస్యలు

తాళంచెవి తిప్పగానే ఒకనాడు వెంటనే స్టార్టయి, మరొకనాడు ఎంత ప్రయత్నించినా స్టార్టు కాక, కొంతసేపటి తరువాత ఏ మరమ్మతూ చేయకుండానే తిరిగి స్టార్టయ్యే లోపాన్ని అప్పుడప్పుడు తలెత్తే స్టార్టింగు సమస్య అనవచ్చు. శాశ్వతంగా చెడిపోయిన భాగాన్ని కనుగొనడం కంటే ఇటువంటి లోపాన్ని కనుగొనడం కష్టం. మెకానిక్కు వద్దకు తీసుకొనిపోయే సరికి కారు చక్కగా పనిచేస్తుంది. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం వైద్యుని ముందు కనిపించనట్లే ఇదీ కనిపించదు. అందువలన ఊహమీద బ్యాటరీ, కాయిల్, స్టార్టరు మోటారు ఒకదాని తరువాత ఒకటి మార్చడం, డబ్బు ఖర్చయినా లోపం మిగిలిపోవడం సాధారణంగా జరుగుతుంది. ఒక క్రమ పద్ధతిలో పరిశీలిస్తే ఈ వృథా ఖర్చును చాలావరకు తప్పించుకోవచ్చు. రాత్రివేళ, నిర్మానుష్యమైన రోడ్డు మీద, అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్ళవలసిన సమయంలో కారు నిలిచిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది.

నేపథ్యం

తొలినాటి కార్లను ముందువైపు నుండి ఇనుప హ్యాండిలుతో త్రిప్పి స్టార్టు చేసేవారు. ఇంజను వెనక్కు తన్నినపుడు త్రిప్పేవారి చేతులు విరిగిన సందర్భాలున్నాయి. అమెరికాకు చెందిన ఇంజనీరు ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చారు. దీనినే మనవారు సెల్ఫు అని పిలుస్తారు. కాయిల్, కాంటాక్టు పాయింట్లు, కండెన్సరులతో కూడిన ఇగ్నిషన్ పద్ధతి కూడా కెట్టరింగ్ పేరు మీదనే ప్రసిద్ధి.

భారతదేశంలో హిందుస్థాన్ అంబాసిడర్ (2014 వరకు తయారైనది), ఫియట్ 1100 ఆధారంగా వచ్చిన ప్రీమియర్ పద్మిని (2000 ప్రాంతంలో తయారీ ఆగినది), మారుతి 800 (1983 నుండి 2014 వరకు) బాగా ప్రచారం పొందిన కార్లు. వీటిలో చాలా వాటికి కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు ఉండేవి. 2000 ప్రాంతం నుండి ఉద్గారాల నియమాలు కఠినతరం కావడంతో పెట్రోలు కార్లలో కార్బ్యురేటరు స్థానంలో కంప్యూటరు అదుపులో పనిచేసే ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. ఈ వ్యాసం ముఖ్యంగా కార్బ్యురేటరు కలిగిన పెట్రోలు కార్లను గురించి వివరిస్తుంది. ఇంజెక్షన్ కార్ల విషయం చివరలో క్లుప్తంగా ఉన్నది.

ఇంజను స్టార్టు కావడానికి కావలసినవి

పెట్రోలు ఇంజను స్టార్టు కావడానికి నాలుగు విషయాలు ఒకేసారి సమకూరాలి.

- ఇంజను తగినంత వేగంతో తిరగాలి. ఇది బ్యాటరీ, స్టార్టరు మోటారుల పని.
- సిలిండరులోనికి సరైన పాళ్ళలో గాలి, పెట్రోలు మిశ్రమం చేరాలి.
- సరైన క్షణంలో బలమైన నిప్పురవ్వ రావాలి.
- పిస్టను మిశ్రమాన్ని తగినంతగా నొక్కగలగాలి. దీనినే కంప్రెషన్ అంటారు.

వీటిలో నాలుగవది నెమ్మదిగా తగ్గుతుందే గాని ఒకనాడు ఉండి మరొకనాడు లేకపోవడం అరుదు. కనుక అప్పుడప్పుడు వచ్చే లోపాలను ముందుగా మొదటి మూడింటిలోనే వెదకాలి.

లోపాన్ని నమోదు చేయడం

ఇటువంటి సమస్యకు మొదటి పనిముట్టు స్పానరు కాదు, ఒక చిన్న నోటు పుస్తకం. స్టార్టు కాని ప్రతిసారీ ఈ క్రింది వివరాలు వ్రాసి ఉంచుకోవాలి.

- ఇంజను చల్లగా ఉన్నదా, వేడిగా ఉన్నదా? ఆపిన తరువాత ఎంతసేపటికి స్టార్టు చేశారు?
- తాళంచెవి తిప్పినపుడు ఏ శబ్దం వచ్చింది? ఒక్క టక్కుమనే శబ్దమా, వరుసగా టకటకమనే శబ్దమా, గిర్రున తిరిగే శబ్దమా, నిశ్శబ్దమా?
- ఆ సమయంలో డాష్‌బోర్డు మీది దీపాలు, హెడ్‌లైట్లు ఎలా ఉన్నాయి?
- పెట్రోలు వాసన వచ్చిందా?
- క్రితం రాత్రి వర్షం పడిందా? ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నది?
- చివరకు ఎలా స్టార్టయింది? దానంతట అదేనా, తోస్తేనా, కదిలిస్తేనా?

ఆరేడు సార్లు ఇలా వ్రాసేసరికి సాధారణంగా ఒక పోలిక బయటపడుతుంది. ఎల్లప్పుడూ వేడిగా ఉన్నపుడే లోపం వస్తున్నదని తేలితే వెదకవలసిన భాగాలు సగానికి తగ్గుతాయి.

మొదటి విభజన

అన్ని పరీక్షల కంటే ముందు ఒక ప్రశ్నకు సమాధానం కావాలి. తాళంచెవి తిప్పినపుడు ఇంజను తిరుగుతున్నదా, లేదా? ఇంజను అసలు తిరగకపోయినా, నీరసంగా తిరిగినా లోపం బ్యాటరీ, తీగలు, స్టార్టరులలో ఉన్నది. అప్పుడు కార్బ్యురేటరును విప్పడం వలన ప్రయోజనం లేదు. ఇంజను చురుకుగా తిరుగుతూ కూడా అంటుకోకపోతే లోపం నిప్పురవ్వలో గాని పెట్రోలులో గాని ఉన్నది. అప్పుడు కొత్త బ్యాటరీ కొనడం వృథా.

ఇంజను తిరగకపోవడం

బ్యాటరీ

పన్నెండు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి మల్టీమీటరుతో కొలిస్తే దాని స్థితి తెలుస్తుంది.

- 12.6 వోల్టులు లేదా అంతకు మించి: పూర్తి ఛార్జి
- 12.4 వోల్టులు: సుమారు 75 శాతం
- 12.2 వోల్టులు: సుమారు 50 శాతం
- 12.0 వోల్టులు: సుమారు 25 శాతం

విశ్రాంతిలో ఉన్నపుడు 12.6 వోల్టులు చూపినంత మాత్రాన బ్యాటరీ మంచిదని చెప్పలేము. స్టార్టరు తిరుగుతున్నపుడు కూడా కొలవాలి. అప్పుడు సుమారు 9.6 వోల్టుల కంటే తగ్గితే బ్యాటరీ బలహీనపడినట్లు అనుమానించాలి. ఇంజను నడుస్తున్నపుడు బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.5 వోల్టుల వరకు రావాలి. రాకపోతే ఆల్టర్నేటరు గాని, దాని బెల్టు గాని సరిగా లేదని అర్థం.

కారు నిలిపి ఉంచినపుడు కూడా కొద్దిగా కరెంటు ఖర్చయ్యే అవకాశం ఉన్నది. డిక్కీలోని 5 వాట్ల దీపం మూత వేసినా ఆరకపోతే సుమారు 0.4 ఆంపియర్లు ఖర్చవుతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఛార్జి రెండు రోజుల లోపే హరించుకుపోతుంది. రోజూ నడిపినపుడు స్టార్టవుతూ, పండుగ సెలవుల తరువాత స్టార్టు కాని కారులో ముందుగా ఇటువంటి దొంగ ఖర్చును వెదకాలి. అన్నీ ఆపి ఉంచినపుడు ఖర్చు సుమారు 0.05 ఆంపియరుకు మించకూడదు.

టెర్మినళ్ళు, తీగలు

అప్పుడప్పుడు వచ్చే లోపాలకు అతి సాధారణమైన కారణం ఇదే. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా చిలుము పేరుకొని విద్యుత్తుకు అడ్డుపడుతుంది. పైకి శుభ్రంగా కనిపించినా క్లాంపుకు, సీసపు స్తంభానికి మధ్య సన్నని పొర ఉండవచ్చు.

దీపాలు బాగా వెలుగుతున్నాయి, హారను మ్రోగుతున్నది, కనుక బ్యాటరీ కనెక్షన్లు బాగున్నట్లే అని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటని ఓమ్ నియమం ద్వారా తెలుసుకోవచ్చు. ఒక కనెక్షన్ వద్ద 0.02 ఓముల నిరోధం ఉన్నదనుకుందాము. హారనుకు 4 ఆంపియర్లు చాలు. కనుక అక్కడ నష్టపోయే వోల్టేజి 4 × 0.02 = 0.08 వోల్టు మాత్రమే. అది ఎవరికీ తెలియదు. స్టార్టరుకు 150 ఆంపియర్లు కావాలి. అదే చోట 150 × 0.02 = 3 వోల్టులు నష్టమవుతాయి. బ్యాటరీ పుష్టిగా ఉన్నా స్టార్టరు నీరసిస్తుంది, లేదా కదలదు. క్లాంపు కొద్దిగా కదిలితే నిరోధం మారుతుంది. ఒకసారి స్టార్టయి మరొకసారి కాకపోవడానికి ఇదే మూలం.

దీనిని పరీక్షించడానికి మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ స్తంభానికి (క్లాంపుకు కాదు), రెండవ కొసను స్టార్టరు మోటారు మీది పెద్ద టెర్మినలుకు ఆనించి, ఒకరు తాళంచెవి త్రిప్పాలి. మీటరు 0.5 వోల్టుకు మించి చూపితే ఆ మార్గంలో అడ్డు ఉన్నట్లు. ఇంజను స్టార్టు కాకుండా ముందుగా కాయిల్‌కు వచ్చే సన్నని తీగను విడదీయాలి.

ఎర్తు పట్టీ

స్టార్టరుకు వెళ్ళిన కరెంటు ఇంజను లోహం ద్వారా బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది గనుక బాడీకి, ఇంజనుకు మధ్య ఒక అల్లిన తీగ పట్టీ అమర్చుతారు. పాత కార్లలో ఇది తుప్పు పట్టి పోగులు తెగిపోతుంది. అప్పుడు కరెంటు చోక్ తీగ, యాక్సిలరేటరు తీగల గుండా దారి వెదుక్కుంటుంది. స్టార్టు చేయబోయినపుడు చోక్ తీగ వేడెక్కినా, పొగ వచ్చినా ఎర్తు పట్టీ తెగినట్లే భావించవచ్చు. బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, ఇంజను లోహానికి మధ్య పైవిధంగా కొలిస్తే నష్టం 0.2 వోల్టు ప్రాంతంలోనే ఉండాలి.

సోలినాయిడ్, స్టార్టరు మోటారు

శబ్దాన్ని బట్టి లోపాన్ని ఇలా ఊహించవచ్చు.

- వరుసగా టకటకమనే శబ్దం: బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినలు వదులు.
- ఒకే ఒక్క టక్కుమనే శబ్దం, దీపాలు మసకబారకపోవడం: సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోవడం, లేదా మోటారు బ్రష్షులు అరిగిపోవడం.
- ఏ శబ్దమూ లేకపోవడం: ఇగ్నిషన్ స్విచ్, దాని నుండి సోలినాయిడ్‌కు వెళ్ళే సన్నని తీగ, లేదా దాని కొస వదులు.
- మోటారు గిర్రున తిరిగినా ఇంజను కదలకపోవడం: స్టార్టరు పినియన్ జిగురుపట్టి ముందుకు రాకపోవడం, లేదా దాని క్లచ్ జారడం.

బ్రష్షులు అరిగిన మోటారును చెక్క పిడితో మెల్లగా తట్టితే ఒక్కోసారి తిరుగుతుంది. ఇది లోపాన్ని నిర్ధారించే గుర్తు మాత్రమే, చికిత్స కాదు. అలా తట్టి నడిపే కారు త్వరలోనే తట్టినా కదలని స్థితికి వస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజను ఆపినపుడు సాధారణంగా రెండు స్థానాలలో ఒకదానిలోనే ఆగుతుంది. కనుక ఫ్లైవీలు చుట్టూ ఉండే రింగు గేరు పళ్ళు ఆ రెండు చోట్లనే ఎక్కువగా అరుగుతాయి. అరిగిన చోట పినియన్ పట్టక గరగరమని శబ్దం వస్తుంది. ఇగ్నిషన్ ఆపి, గేరులో ఉంచి కారును కొద్దిగా ముందుకు తోస్తే గేరు వేరే పళ్ళ వద్దకు వచ్చి స్టార్టవుతుంది. ఈ పోలిక కనిపిస్తే స్టార్టరు మోటారు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఇంజను తిరిగినా అంటుకోకపోవడం

ఈ స్థితిలో నిప్పురవ్వ లేదా, పెట్రోలు లేదా అన్నది స్టార్టు కాని ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. కారు తిరిగి పనిచేయసాగిన తరువాత చేసే పరీక్షలకు విలువ తక్కువ.

నిప్పురవ్వ

ఒక స్పార్కు ప్లగ్గును విప్పి, దాని తీగకు తిరిగి తగిలించి, ప్లగ్గు లోహపు భాగాన్ని ఇంజను లోహానికి గట్టిగా ఆనించి ఇంజనును త్రిప్పితే నీలిరంగు నిప్పురవ్వ చటచటమని రావాలి. పట్టుకోవడానికి రబ్బరు పిడి ఉన్న పటకారు వాడాలి. పెట్రోలు ఆవిరి మండే ప్రమాదం ఉన్నది గనుక ప్లగ్గు విప్పిన రంధ్రానికి, కార్బ్యురేటరుకు దూరంగా పరీక్షించాలి. రవ్వ ఎర్రగా, సన్నగా ఉన్నా, రాకపోయినా ఈ క్రింది వాటిని వరుసగా చూడాలి.

కాంటాక్టు పాయింట్లు: పాయింట్ల మధ్య సందు తయారీదారు చెప్పిన కొలతలో (అనేక కార్లలో సుమారు 0.4 మిల్లీమీటర్లు) ఉండాలి. పాయింట్లు త్వరత్వరగా కాలి గుంటలు పడుతుంటే కండెన్సరు చెడినట్లు అనుమానించాలి.

కాయిల్: ఇంజను వేడెక్కిన తరువాత హఠాత్తుగా ఆగిపోయి, అరగంట చల్లారిన తరువాత ఏమీ జరగనట్లు స్టార్టయితే కాయిల్‌ను తప్పక పరీక్షించాలి. లోపలి సన్నని తీగకు పూసిన పూత వేడికి బలహీనపడి చుట్ల మధ్య కరెంటు దాటిపోతుంది. చల్లారగానే తిరిగి సరవుతుంది. కండెన్సరు కూడా ఇదే విధంగా వేడికి విఫలం కావచ్చు.

బలాస్టు నిరోధకం: కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు ఒక నిరోధకం ఉంటుంది. స్టార్టు చేసేటపుడు కరెంటు దానిని తప్పించుకొని నేరుగా కాయిల్‌కు పోతుంది. తాళంచెవి తిప్పి పట్టుకున్నంతసేపు ఇంజను అంటుకొని, వదలగానే ఆగిపోతే ఈ నిరోధకం గాని, ఇగ్నిషన్ స్విచ్ గాని చెడినట్లు దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, ప్లగ్గు తీగలు: వర్షాకాలంలో, మంచు కురిసే ఉదయాలలో మాత్రమే వచ్చే లోపానికి ఇవే కారణం. మూత లోపల సన్నని నల్లని గీత కనిపిస్తే తేమ దారిలో విద్యుత్తు పారి బొగ్గు ఏర్పడినట్లు. తుడిస్తే తాత్కాలికంగా పనిచేసినా మూతను మార్చడమే సరైన పరిష్కారం. చీకటిలో బానెట్ ఎత్తి, ఏదీ తాకకుండా ఇంజను నడుస్తుండగా చూస్తే పగిలిన తీగల నుండి చిన్న మెరుపులు కనిపిస్తాయి.

పెట్రోలు

నిప్పురవ్వ బలంగా ఉంటే పెట్రోలు వైపు చూడాలి. యాక్సిలరేటరు పంపు ఉన్న కార్బ్యురేటర్లలో గాలి ఫిల్టరు తీసి, ఇంజను ఆపి ఉండగా యాక్సిలరేటరు నొక్కితే లోపల పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. ఎస్.యు. రకపు కార్బ్యురేటర్లలో ఈ పంపు ఉండదు గనుక వాటికి ఈ పరీక్ష వర్తించదు.

- ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకొనిపోతే పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యత ఏర్పడి ప్రవాహం ఆగుతుంది. మూత తెరచినపుడు గాలి పీల్చిన శబ్దం వచ్చి, తరువాత కారు స్టార్టయితే ఇదే కారణం.
- ట్యాంకు అడుగున తుప్పు, చెత్త ఉంటే అది పీల్చే గొట్టానికి అడ్డుపడి, ఇంజను ఆగగానే క్రిందికి జారిపోతుంది. అందువలన కొంతసేపటికి స్టార్టవుతుంది.
- పంపు పొర బలహీనపడితే రాత్రంతా నిలిపిన కారు ఉదయాన చాలాసేపు త్రిప్పితేగాని స్టార్టు కాదు.
- చోక్ సరిగా మూసుకొనకపోతే చల్లని ఇంజను, సరిగా తెరచుకొనకపోతే వేడి ఇంజను మొరాయిస్తాయి.

భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు క్రమంగా పెరిగి 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. దానిని దృష్టిలో ఉంచుకొని తయారు కాని పాత రబ్బరు గొట్టాలు, పంపు పొరలు, సీళ్ళు మెత్తబడడం, పగలడం జరుగవచ్చు. కనుక పాత కార్లలో ఈ భాగాలను అప్పుడప్పుడు పరిశీలించి మార్చుకోవడం మంచిది.

వేసవిలో వేడి ఇంజను సమస్య

ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఆంధ్ర, తెలంగాణ వేసవిలో కార్బ్యురేటరు కార్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఇంజను ఆపిన వెంటనే నీటి ప్రసరణ, ఫ్యాను గాలి ఆగిపోతాయి. కాని ఇంజనులోని వేడి అలాగే ఉండడంతో బానెట్ క్రింద ఉష్ణోగ్రత కొద్ది నిమిషాలపాటు ఇంకా పెరుగుతుంది. అందుకే కూడలిలో నడుస్తూ ఉన్న కారు బాగానే ఉండి, కొట్టు ముందు పది నిమిషాలు ఆపిన కారు స్టార్టు కాదు. దీనివలన రెండు పరస్పర విరుద్ధమైన లోపాలు కలుగుతాయి.

మొదటిది, పంపులోను గొట్టాలలోను పెట్రోలు ఆవిరై బుడగలు ఏర్పడడం. పంపు ద్రవాన్ని నెట్టగలదు గాని ఆవిరిని నెట్టలేదు గనుక కార్బ్యురేటరుకు పెట్రోలు అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చడం అంబాసిడర్, ఫియట్ డ్రైవర్లకు చిరపరిచితమైన ఉపాయం. తడిగుడ్డ వేయగానే స్టార్టయితే అదే రోగ నిర్ధారణ కూడా.

రెండవది, కార్బ్యురేటరు గిన్నెలోని పెట్రోలు మరిగి ఇంజనులోనికి పొంగడం. అప్పుడు పెట్రోలు వాసన ఘాటుగా వస్తుంది. యాక్సిలరేటరును పలుమార్లు తొక్కితే పరిస్థితి విషమిస్తుంది. దానిని పూర్తిగా నొక్కి పట్టి, చోక్ వాడకుండా త్రిప్పితే ఎక్కువైన పెట్రోలు పోయి ఇంజను అంటుకుంటుంది.

ఇవి కాక కాయిల్, స్టార్టరు మోటారు కూడా వేడికే విఫలం కావచ్చు. కనుక వేడి ఇంజను స్టార్టు కానపుడు వరుసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇంజను చురుకుగా తిరుగుతున్నదా? నిప్పురవ్వ ఉన్నదా? పెట్రోలు వాసన వస్తున్నదా? తిరగకపోతే స్టరు వైపు, అనగా స్టార్టరు, దాని తీగల వైపు చూడాలి. తిరిగినా రవ్వ లేకపోతే కాయిల్. రవ్వ ఉండి వాసన లేకపోతే ఆవిరి అడ్డు. రవ్వ, వాసన రెండూ ఉంటే పెట్రోలు పొంగడం.

ఇంజెక్షన్ కార్లలో

ఇంజెక్షన్ కార్లలో పైన చెప్పిన బ్యాటరీ, ఎర్తు, స్టార్టరు విషయాలన్నీ యథాతథంగా వర్తిస్తాయి. అదనంగా క్రాంకు స్థానాన్ని తెలిపే సెన్సరు వేడికి విఫలమై చల్లారాక పనిచేయడం, పెట్రోలు పంపు రిలే అతుకులు వదులు కావడం సాధారణ కారణాలు. తాళంచెవి ఆన్ స్థానంలో పెట్టగానే వెనుక ట్యాంకు నుండి రెండు క్షణాలపాటు పంపు శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపులను చూడాలి. స్కానరు ఉంటే నమోదైన లోపపు సంకేతాలను చదవవచ్చు. అయితే సంకేతం ఏ సర్క్యూటులో లోపమో చెబుతుంది గాని, ఆ భాగమే చెడిందో లేక దాని తీగ తెగిందో చెప్పదు.

జాగ్రత్తలు

- పరీక్షలకు ముందు గేరును న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయాలి. ఫ్యాను, బెల్టులకు దుస్తులు, చేతులు దూరంగా ఉంచాలి.
- బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది. దగ్గరలో నిప్పు, సిగరెట్టు పనికిరావు. వేరే కారు బ్యాటరీతో స్టార్టు చేసేటపుడు చివరి తీగను బ్యాటరీకి కాక ఇంజను లోహానికి తగిలించాలి.
- కొన్ని పాత బ్రిటిషు కార్లలో పాజిటివ్ ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. తీగలు తగిలించే ముందు దీనిని సరిచూసుకోవాలి.
- స్టార్టరును ఒకేసారి పది, పదిహేను క్షణాలకు మించి త్రిప్పరాదు. మధ్యలో చల్లారనివ్వాలి.
- రైలు గేటు వంటి చోట్ల లోపమున్న కారును ఆపి తిరిగి స్టార్టు చేయడం ప్రమాదకరం. పట్టాల మీద నిలిచిపోతే ముందుగా మనుషులు దిగి దూరంగా వెళ్ళాలి.

ముగింపు

ఏ భాగాన్ని మార్చే ముందయినా టెర్మినళ్ళు శుభ్రం చేయడం, ఎర్తు పట్టీని పరిశీలించడం, వోల్టేజి కొలవడం అనే మూడు పనులు చేయాలి. వీటికి ఖర్చు దాదాపు లేదు. ఒకేసారి రెండు భాగాలు మార్చకూడదు. అలా చేస్తే ఏది లోపమో తెలియదు. ఒకటి మార్చిన తరువాత, లోపం సాధారణంగా ఎన్ని రోజులకు ఒకసారి వచ్చేదో అంతకు రెండు మూడు రెట్ల కాలం గమనించిన పిమ్మటే సమస్య తీరిందని నిర్ణయించాలి. వారానికి ఒకసారి వచ్చే లోపం రెండు రోజులు రానంత మాత్రాన పోయినట్లు కాదు.

ఇవి కూడా చూడండి

- అంతర్దహన యంత్రం
- ఓమ్ నియమం
- కార్బ్యురేటరు
- హిందుస్థాన్ అంబాసిడర్
- లెడ్ యాసిడ్ బ్యాటరీ